నాయిక పక్కనుండే అమ్మాయి

మన నవలల్లోనూ సినిమాల్లోనూ నాయికకి ఒక స్నేహితురాలు తప్పకుండా ఉంటుంది. ఆ అమ్మాయి కాస్త లావుగానో, కాస్త చామనఛాయగానో ఉంటుంది. నోరు మాత్రం చురుకు. ఉత్తరాలు అందించడం, ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం దగ్గర కాపలా కాయడం, నాయిక ఏడిస్తే కళ్ళు తుడవడం, ఏడవకపోతే నవ్వించడం... ఇవీ ఆవిడగారి ఉద్యోగధర్మాలు. ఆఖరి ప్రకరణంలో నాయిక మెడలో మూడు ముళ్ళూ పడగానే నాలుగు అక్షింతలు వేసి పక్కకి తప్పుకుంటుంది. తరవాత ఆ పిల్ల ఏమైందని ఏ పాఠకురాలూ ఉత్తరం రాసి అడగదు. నిజం చెప్పొద్దూ, నవల రాస్తూ కూర్చుంటే నాయిక కన్నా ఆ పిల్ల నోటికే మంచి మంచి మాటలు వస్తాయి. నాయిక తన మర్యాద కాపాడుకోవాలి కదా మరి! ఆ పిల్లకి ఆ బాధ లేదు.

అలాంటి పిల్లని నాయిక ఇంట్లోంచి తీసుకొచ్చి వేరే ఇల్లు ఇచ్చి, "ఇహ ఈ కథ నీదే" అంటే ఏమవుతుంది?

అమెరికా టెలివిజన్ వాళ్ళు ఆ పని తరచు చేస్తూ ఉంటారు. బాగా నడుస్తున్న హాస్య సీరియల్లోంచి జనానికి నచ్చిన పాత్ర నొకదాన్ని తీసి, దాని పేర మరో సీరియల్ మొదలుపెడతారు. దాన్ని స్పినాఫ్ అంటారు. మన పెరట్లో అరటి పిలకని తవ్వి వేరేచోట పాతినట్లన్నమాట. మనకిది కొత్తేమీ కాదు. భారతంలో ఒక ఉపాఖ్యానంగా ఉన్న శకుంతల కాళిదాసు చేతిలో పడి తనంత తానే ఒక కావ్యమైపోయింది. వ్యాసుడు రాయనే రాయని శశిరేఖ పెళ్ళి 1957 లో మాయాబజార్‌గా వచ్చి ఈనాటికీ మనని నవ్విస్తూనే ఉంది. పిలక తల్లి చెట్టంత కాపు కాయకూడదని ఎక్కడా లేదు.

అయినా కొన్ని పిలకలు ఎందుకు వడలిపోతాయి? ఆ లోపం పిలకదా, పాతిన వాళ్ళదా? ఈ ప్రశ్నకి నాకు తెలిసిన వాటిలోకెల్లా మంచి ఉదాహరణ మేరీ, రోడా అనే ఇద్దరు స్నేహితురాళ్ళ కథ.

ముందు తల్లి సీరియల్ సంగతి చెప్పుకుందాం. "మేరీ టైలర్ మూర్ షో" 1970 సెప్టెంబరులో సి.బి.ఎస్.లో మొదలై 1977 మార్చిలో ముగిసింది. ఏడేళ్ళు, 168 భాగాలు. రూపకల్పన జేమ్స్ ఎల్. బ్రూక్స్, అలన్ బర్న్స్ అనే ఇద్దరు రచయితలది. మేరీ టైలర్ మూర్, ఆమె భర్త గ్రాంట్ టింకర్ కలిసి పెట్టుకున్న సంస్థ దాన్ని తీసింది. కథ చూస్తే చాలా మామూలు కథే. మేరీ రిచర్డ్స్‌కి ముప్ఫై ఏళ్ళు. రెండేళ్ళుగా తనని తిప్పించుకుంటూ పెళ్ళి మాట తేల్చని డాక్టరు గారికి నమస్కారం పెట్టి, మినియాపొలిస్ నగరానికి ఒంటరిగా వస్తుంది. ఒక చిన్న టెలివిజన్ స్టేషన్లో సెక్రటరీ ఉద్యోగం ఖాళీగా ఉందని వెళితే అది అప్పటికే వేరేవాళ్ళ కిచ్చేశారు. "అసోసియేట్ ప్రొడ్యూసర్ ఉద్యోగం ఉంది, కాని జీతం వారానికి 10 డాలర్లు తక్కువ" అంటాడు వార్తా విభాగం పెద్ద లూ గ్రాంట్. హోదా పెరిగింది, జీతం తరిగింది! ఆడవాళ్ళ ఉద్యోగాల సంగతి అంతకన్నా క్లుప్తంగా చెప్పడం ఎవరి తరం? కొన్నాళ్ళకి, తనకి ముందు ఆ కుర్చీలో కూచున్న మగవాడికి వారానికి 50 డాలర్లు ఎక్కువ ఇచ్చేవారని మేరీకి తెలుస్తుంది. వెళ్ళి అడుగుతుంది. కాళ్ళు వణుకుతూనే అడుగుతుంది. అదీ మేరీ! ఆఫీసులో అందరూ "లూ" అని పిలిచే మనిషిని ఆమె మాత్రం "మిస్టర్ గ్రాంట్" అనే అంటుంది. మన భాషలో "గారు" అన్నట్లే.

ఏడేళ్ళూ మేరీకి పెళ్ళి కాలేదు. కాలేదని రచయితలు ఆమెని శిక్షించనూ లేదు, ఆమెకోసం కంట తడి పెట్టనూ లేదు. ఆమెకి ఆఫీసుంది, స్నేహితులున్నారు, తలుపు తీస్తే తనదైన గది ఉంది. 1970 నాటికి ఇది చిన్న విషయం కాదు. ఆ సీరియల్‌కి కథలు రాసిన వాళ్ళలో ఆడవాళ్ళు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండడం కూడా దీనికొక కారణం. వాళ్ళలో ట్రీవా సిల్వర్‌మన్‌కి 1974 లో ఎమ్మీ బహుమతి వచ్చింది. మొత్తం మీద ఆ సీరియల్ సంపాదించిన ఎమ్మీలు 29. 2002 లో "ఫ్రేజర్" దాటేవరకూ ఆ లెక్కని ఏ హాస్య సీరియలూ అందుకోలేదు. తమాషా ఏమిటంటే ఆ "ఫ్రేజర్" కూడా "చీర్స్" అనే సీరియల్ పెరట్లోని పిలకే!

సరే, మేరీ గదికి పైన అటకలాంటి చిన్న గదిలో ఉండేది రోడా మోర్గెన్‌స్టర్న్. పాత్రధారిణి వాలెరీ హార్పర్. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేటలో పుట్టి పెరిగిన యూదుల అమ్మాయి. పెద్ద దుకాణంలో అద్దాల వెనక బొమ్మలకి బట్టలు కట్టి అలంకరించడం ఆమె ఉద్యోగం. అందరినీ అందంగా నిలబెట్టడం పనిగా ఉన్న మనిషికి తనకి తాను మాత్రం అందంగా కనిపించదు! మొదటి భాగంలో మేరీ తన కొత్త గది కిటికీ తెర లాగితే బయట చలిలో నిలబడి రోడా అద్దాలు తుడుస్తూ ఉంటుంది. ఆ గది తనకే వస్తుందని ఆమె ఆశ. కింద ఉండే ఫిల్లిస్ అనే పెత్తందారు ఇల్లాలు దాన్ని మేరీకి ఇప్పించింది. అలా పోట్లాటతో మొదలైన పరిచయం ప్రాణస్నేహమైంది.

మేరీ సన్నం, రోడా బొద్దు. మేరీ మర్యాద, రోడా కుండబద్దలు. మేరీకి వచ్చే మగవాళ్ళ ఫోన్లు రోడా లెక్కపెట్టేది. తన మీద తానే జోకులు వేసుకునేది, ఎవరో వేసేలోగా. ఇది మనలో చాలామందికి తెలిసిన విద్యే. పదిమందిలో "నాకేం, నేను తింటే గాలి కూడా వంటబడుతుంది" అని ముందుగానే నవ్వేసే లావుపాటి పిన్నిగారిని మీరెరుగరూ? ఒక భాగంలో రోడా ఒళ్ళు తగ్గి, తన దుకాణంవాళ్ళ అందాల పోటీలో నిలబడుతుంది. నెగ్గుతుంది. కాని నెగ్గానని నోరు తెరిచి చెప్పడానికి ఆమెకి మనసొప్పదు. "నేను బాగున్నాను" అనే రెండు ముక్కలు ఆమెకి అంత బరువు. అది రాసింది కూడా ట్రీవా సిల్వర్‌మనే. హాస్య సీరియల్లో అంత నిశ్శబ్దమైన ఘట్టం అరుదు. రోడాగా వాలెరీ హార్పర్‌కి 1971, 1972, 1973 లలో వరసగా మూడు ఎమ్మీలు వచ్చాయి. మూడూ సహాయ నటిగానే.

ఇలాంటి పిల్లకి సొంత ఇల్లు ఇద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. 1974 సెప్టెంబరు 9 న "రోడా" మొదలైంది. రెండు వారాల సెలవుకి న్యూయార్కు వచ్చిన రోడా చెల్లెలు బ్రెండా గదిలో దిగుతుంది. అక్కడ జో జెరార్డ్ అనే అతను తారసపడతాడు. పాత ఇళ్ళు పడగొట్టే కంపెనీ అతనిది. మొదటి భార్యతో విడాకులైంది, ఒక కొడుకున్నాడు. చూపులు కలిశాయి, సెలవు కాస్తా మకామైంది, సీరియల్ మొదలైన ఎనిమిదో వారంలో, అంటే 1974 అక్టోబరు 28 న, పెళ్ళి!

ఆ పెళ్ళి సంగతి చెప్పుకోవలసిందే. ఆ రాత్రి 5 కోట్లమందికి పైగా చూశారు. కొందరు ఇళ్ళలో విందులు చేసుకున్నారట. మరి కొందరు సి.బి.ఎస్. ఆఫీసుకి పెళ్ళి కానుకలు పంపారట. ఇక్కడ మనం నవ్వకూడదు. మనమూ అంతే. సీరియల్ నవలలో నాయికకి జ్వరం వస్తే పత్రికాఫీసుకి మందుల పేర్లు రాసి పంపే తల్లులు మనలో లేరూ? ఆ పెళ్ళి భాగంలో, రోడాని కారులో తీసుకువస్తానన్న ఫిల్లిస్ ఆ మాటే మరిచిపోతుంది. చివరికి పెళ్ళికూతురు తెల్లని పెళ్ళిగౌనూ మేలిముసుగూ వేసుకుని, ఒంటరిగా భూగర్భ రైలెక్కి, బ్రాంక్స్ వీధుల్లో పరుగెత్తుకుంటూ పుట్టింటికి చేరుతుంది. తన పెళ్ళికి తానే సిటీ రైల్లో వెళ్ళిన పెళ్ళికూతురు! నవ్వు వస్తుంది, గుండె కలుక్కుమంటుంది. రోడా అంటే అదీ. మేరీకి అలాంటి ఘట్టం రాయడం ఎవరివల్లా కాదు. మేరీ అయితే ముందు రోజే టాక్సీ మాట్లాడి ఉంచుకునేది.

మొదటి ఏడాది రోడా ఆ దేశంలో మొదటి పది ప్రోగ్రాముల్లో ఒకటి. వాలెరీ హార్పర్‌కి 1975 లో నాలుగో ఎమ్మీ వచ్చింది, ఈసారి ప్రధాన నటిగా. కూతురు తల్లిని మించిపోయిందనే అనుకున్నారంతా.

ఆ తరవాత ఇబ్బంది మొదలైంది. పెళ్ళయిన రోడాకి ఏం కథ రాయాలో రచయితలకి తోచలేదు. మంచి మొగుడు, మంచి ఇల్లు, బరువు లేదు, బెంగ లేదు. తన మీద తాను వేసుకునే జోకులకి ఆస్కారం పోయింది. వాళ్ళు ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు: సంసారంలో హాస్యం పండదు, కనక ఈ సంసారాన్ని విడగొట్టాలి! 1976 సెప్టెంబరులో మూడో ఏడాది మొదటి భాగంలోనే జో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తరవాత ఏడాదికి విడాకులు.

ప్రేక్షకులు మండిపడ్డారు. కానుకలు పంపిన చేతులే తిట్ల ఉత్తరాలు పంపాయి. జో వేషం వేసిన డేవిడ్ గ్రో పాపం నిజంగానే పెళ్ళాన్ని వదిలేసినంత పని అయింది, ఆ ఉత్తరాలు చదువుకునేసరికి. మొదటి పదిలో ఉన్న సీరియల్ ఒక్క ఏడాదిలో కిందికి జారిపోయింది. 1978 డిసెంబరులో, తీసిన భాగాలు ఇంకా కొన్ని మిగిలి ఉండగానే, ఆపేశారు. మొత్తం 110 భాగాలు. పుట్టింటినించి అంత ఆర్భాటంగా వెళ్ళిన పిల్ల చడీ చప్పుడూ లేకుండా తెరమరుగైంది.

అమెరికాలో ఈ సీరియల్ గురించి ఎవరు మాట్లాడినా ఆ పాఠమే చెబుతారు: "రోడాకి పెళ్ళి చేయడం పొరపాటు." నాకు మాత్రం ఆ మాట రుచించదు.

సంసారంలో హాస్యం పండదా? ఆ మాట అన్నవాళ్ళు ఒక్క పూట ఏ ఇల్లాలి వంటింటి గుమ్మం దగ్గరైనా కూచుని వింటే బాగుండును. ఉప్పు ఎక్కువైందని చెప్పలేక మజ్జిగ రెండోసారి పోసుకునే మొగుడూ, అది చూసి కూడా చూడనట్లు ఊరగాయ జాడీ ముందుకి తోసే పెళ్ళామూ... అందులో లేని హాస్యం ఎక్కడుందండీ? అంత దూరం ఎందుకు, ఆ రోడాని తీసిన సంస్థే అదే కాలంలో "బాబ్ న్యూహార్ట్ షో" అని ఇంకొకటి తీసింది. 1972 నించి 1978 దాకా నడిచింది. అందులో బాబ్, ఎమిలీ పిల్లల్లేని దంపతులు. ఒకరంటే ఒకరికి ఇష్టం. రాత్రి దీపం ఆర్పేముందు మంచం మీద కూచుని వాళ్ళు చెప్పుకునే కబుర్లతోటే ఎన్నో భాగాలు గడిచిపోయాయి. వాళ్ళని విడగొట్టాలని ఎవరికీ తోచలేదు. ఎందుకంటే బాబ్ ఊరికే ఎమిలీ మొగుడు మాత్రమే కాదు. అతనికొక ఆఫీసుంది, అక్కడికి మనోవ్యాధులతో వచ్చేవాళ్ళున్నారు, పక్కగది స్నేహితులున్నారు. ఎమిలీ బడిపంతులమ్మ. పెళ్ళి వాళ్ళ జీవితాల్లో ఒక గది. రోడాకి పెళ్ళే ఇల్లంతా.

తప్పు పెళ్ళిది కాదు. మేరీకి మొదటి భాగంలో ఉద్యోగం ఇచ్చిన రచయితలు, రోడాకి మొదటి భాగంలో పెళ్ళికొడుకుని ఇచ్చారు. ఆమె చేతిలో అంత మంచి విద్య ఉంది. ఉత్త అద్దాల గదిని ఒక లోకంగా మార్చగల పిల్ల. సొంతంగా అలంకరణ వ్యాపారం పెట్టినట్లు చూపించారు గాని, అది కథకి కేంద్రం కాలేదు. ఇక జో! మంచివాడు. అంతకుమించి ఏమిటంటే చెప్పడం కష్టం. అతనికో చాదస్తం లేదు, ఓ పిచ్చి లేదు, పోట్లాడటానికి ఓ కారణం లేదు. పెళ్ళి పత్రిక మీద పేరు అచ్చువేయించడానికి పనికొచ్చే మనిషి. అలాంటి వాడితో కాపురం నవ్వులాటగా ఉండదు మరి.

ఇంకొక సంగతి ఉంది. రోడా నాయిక అయ్యేసరికి నాయిక పక్కన ఉండే చోటు ఖాళీ అయింది. అందులోకి చెల్లెలు బ్రెండా వచ్చి కూచుంది. బొద్దుగా, బెరుకుగా, బ్యాంకులో గుమాస్తాగా, పెళ్ళి కాని దిగులుతో. ఆ వేషం వేసిన జూలీ కావ్నర్‌కి 1978 లో ఎమ్మీ వచ్చింది. తరవాత "సింప్సన్స్" బొమ్మల సీరియల్లో మార్జ్‌కి గొంతు ఇచ్చింది కూడా ఆవిడే. జాగ్రత్తగా చూడండి. బ్రెండా రోడా అయింది, రోడా మేరీ అయింది! నాయికగా నిలబడాలంటే రోడా తన రోడాతనం వదులుకోవలసి వచ్చింది. పదునంతా చెల్లెలికీ, గయ్యాళి ప్రేమతో కూతుళ్ళ ప్రాణాలు తోడే తల్లి ఐడాకీ పోయింది. మర్యాద మాత్రం తనకి మిగిలింది.

మేరీ ఇంటినించి ఇంకో ఇద్దరు కూడా వేరు కాపురాలకి వెళ్ళారు. వాళ్ళని రోడా పక్కన నిలబెట్టి చూస్తే నేను చెప్పేది ఇంకా తేటపడుతుంది. 1975 లో ఫిల్లిస్ పేర ఒక సీరియల్ వచ్చింది. క్లోరిస్ లీచ్‌మన్ గొప్ప నటి. కాని ఫిల్లిస్‌కి కథ కావాలంటే ఏం చేశారు? అంతవరకూ తెరమీద కనిపించకుండా మాటల్లోనే వినిపించిన ఆమె భర్త లార్స్‌ని చంపేశారు. చేతిలో డబ్బు లేని వితంతువు, కూతురిని వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో అత్తగారి పంచన చేరింది. ఆ సీరియల్ రెండేళ్ళు నడిచి ఆగిపోయింది.

1977 లో లూ గ్రాంట్ వంతు వచ్చింది. ఆయనకి ఏమిచ్చారు? లాస్ ఏంజిలస్‌లో పెద్ద దినపత్రికకి సిటీ ఎడిటర్ పదవి! అరగంట హాస్యం కాదు, గంటసేపు గంభీరమైన నాటకం. పత్రికల స్వేచ్ఛ, అవినీతి, కాలుష్యం, శరణార్థుల గోడు... అన్నీ అందులోకి వచ్చాయి. 1979, 1980 లలో ఉత్తమ నాటక సీరియల్‌గా ఎమ్మీలు. ఒకే పాత్రకి హాస్యంలోనూ గంభీర నాటకంలోనూ కూడా ఎమ్మీ తెచ్చుకున్న ఘనత ఎడ్ ఆస్నర్‌ది. ఆయన రాజకీయాభిప్రాయాల మీద గొడవ రేగుతున్న రోజుల్లో, 1982 లో సీరియల్‌ని ఆపేశారు గాని, అది వాడిపోయి ఆగలేదు.

లెక్క చూడండి. ఒకే ఇంటినించి ముగ్గురు వేరుపడ్డారు. ఒక ఆడమనిషికి మొగుణ్ణి ఇచ్చారు. ఇంకో ఆడమనిషికి మొగుణ్ణి తీసేశారు. మగమనిషికి ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం ఇచ్చిన కథ అయిదేళ్ళు పచ్చగా నిలబడింది. ఆడదానికి పెళ్ళొక్కటే కథ కాదని లోకానికి చాటిన ఇల్లే, తన ఆడపిల్లలని పంపేటప్పుడు ఆ మాట మరిచిపోయింది! అభ్యుదయం మాట్లాడే ఇళ్ళలో కూడా ఆస్తి కొడుకుకీ, పసుపుకుంకాలు కూతురికీ పంచినట్లుంది.

పోనీ విడాకులే సీరియల్‌ని ముంచాయందామా? లూ గ్రాంట్‌కీ సంసారం చెడింది. 1973 లో తల్లి సీరియల్లోనే అతని భార్య ఈడీ, తనకంటూ ఒక జీవితం కావాలని ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఆ భాగమే ట్రీవా సిల్వర్‌మన్‌కి ఎమ్మీ తెచ్చిపెట్టింది. రెండేళ్ళ తరవాత ఈడీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే లూ ఆ పెళ్ళికి వెళ్ళి నిలబడతాడు కూడా. ప్రేక్షకులకి అతని మీద జాలి, గౌరవం పెరిగాయే తప్ప తగ్గలేదు. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే అతను వెళ్ళడానికి ఒక ఆఫీసుంది. పెళ్ళి పోయినా పాత్ర మిగిలింది. రోడాకి పెళ్ళి పోయేసరికి మిగిలిందేమిటో రచయితలు ముందుగా చూసుకోలేదు.

ఇంతకీ ఇప్పుడు, ఇన్నేళ్ళ తరవాత, తల్లీకూతుళ్ళలో ఎవరి పేరు నిలిచింది? ఇందులో వాదించడానికేం లేదు. మేరీ పేరే నిలిచింది. నడివీధిలో నిలబడి తలమీది టోపీని ఆకాశంలోకి విసిరే మేరీ కంచు బొమ్మ 2002 నించీ మినియాపొలిస్‌లో ఉంది. ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ బతికే అమ్మాయి కథ టెలివిజన్లో ఎప్పుడొచ్చినా మేరీ పేరు ఎత్తకుండా ఉండరు. ఆఖరి భాగంలో ఆఫీసువాళ్ళంతా ఒకరి నొకరు పట్టుకుని వదలలేక ఏడ్చే దృశ్యాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆఖరి భాగానికి రోడా కూడా వచ్చింది, నాయిక కళ్ళు తుడవడానికే! రోడాకి ఏ ఊళ్ళోనూ బొమ్మ లేదు. న్యూయార్కు రైల్లో పెళ్ళిగౌనుతో నిలబడ్డ ఆమెని పెట్టవలసింది, నన్నడిగితే.

కాని ఒక్క విషయంలో మాత్రం తల్లి కన్నా కూతురు పెద్ద పని చేసింది. అది జనం సరిగా గుర్తించలేదు.

1970 లో బ్రూక్స్, బర్న్స్ మొదట అనుకున్న మేరీ పెళ్ళి కాని పిల్ల కాదు. విడాకులు పుచ్చుకున్న మనిషి. సి.బి.ఎస్. పెద్దలు ససేమిరా ఒప్పుకోలేదు. అంతకు ముందు 1961 నించి 1966 దాకా మేరీ టైలర్ మూర్ "డిక్ వాన్ డైక్ షో"లో అతనికి భార్యగా వేసింది కదా, జనం ఆమె అతన్నే వదిలేసి వచ్చిందనుకుంటారని భయం. అమెరికా జనానికి గిట్టనివి నాలుగున్నాయి, విడాకులవాళ్ళు, యూదులు, న్యూయార్కువాళ్ళు, మీసాల మగవాళ్ళు అని ఆ సమావేశంలో తమకి బోధించారని ఆ రచయితలు తరవాత చెప్పుకున్నారు. అందుకని మేరీని చెడిన కాపురం నించి కాకుండా తేలని పెళ్ళి నించి వచ్చినట్లు మార్చారు. ఆ ఒక్క మార్పుతో మేరీ ఎవరికీ నొప్పి కలగని మేరీ అయింది. మరి రోడానో? యూదుల పిల్ల, న్యూయార్కు పిల్ల, చివరికి విడాకులూ పుచ్చుకుంది. నాలుగింట మూడు! మీసం ఒక్కటే తక్కువ.

విడాకుల నాయిక టెలివిజన్‌కి అప్పటికే వచ్చిందనవచ్చు మీరు. 1972 లో "మాడ్" వచ్చింది, 1975 లో "వన్ డే ఎట్ ఎ టైమ్" వచ్చింది. నిజమే. కాని వాళ్ళు విడాకులు పుచ్చుకున్నాకనే తెరమీదికి వచ్చారు. వాళ్ళ పెళ్ళి మనం చూడలేదు, అది చెడటం మనం చూడలేదు. రోడా పెళ్ళికి ఆ దేశంలో 5 కోట్లమంది పెళ్ళిపెద్దలు. అక్షింతలు వేసిన వాళ్ళ కళ్ళముందే, ఎవరి దుర్మార్గమూ లేకుండా, ఎవరూ ఎవరినీ కొట్టకుండా తిట్టకుండా, ఆ కాపురం చెడింది. ఒక మంచి పిల్లా, ఒక మంచి పిల్లవాడూ, అయినా పొసగలేదు. ఇంతకన్నా మామూలు విషయమూ లేదు, ఇంతకన్నా ఒప్పుకోవడం కష్టమైన విషయమూ లేదు. ఎవరో ఒకరు దుష్టులైతే మనకి తేలిక. ఇటు మన దేశంలో ఉభయులూ సమ్మతిస్తే విడాకులు ఇవ్వవచ్చునని హిందూ వివాహ చట్టాన్ని సవరించింది కూడా ఆ 1976 లోనే. చట్టం ఒప్పుకున్నా బంధువులు ఒప్పుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో, పట్టుతోందో, మీకు నేను చెప్పాలా?

ఆ ప్రేక్షకులు రోడా మీద కోపగించుకున్నది సీరియల్ చప్పబడినందుకు మాత్రమే కాదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ కోపం లాంటిదే అదీ: "అంత ఖర్చుపెట్టి పెళ్ళి చేశాం, మా పరువేం కావాలి?" రచయితలు ఆ పని ధైర్యంతో చేశారనను. కథ దొరక్క చేశారు. చేశాక, ఆ ఒంటరి రోడాకి తగిన బతుకు రాసివ్వలేదు. కాని వాలెరీ హార్పర్ ఆ తరవాతి భాగాల్లో రోడాని దీనురాలిగా చూపించలేదు. ఒంటరి గదిలో కూచుని, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో, పాత గడుసుదనాన్ని మళ్ళీ మెల్లిగా వెతుక్కునే మనిషిగా చూపించింది. మేరీ చేసి ఉండవలసిన పని అది. తల్లి పెట్టిన బాకీ కూతురు తీర్చింది. తీర్చినందుకు కూతురికే చెడ్డపేరు వచ్చింది.

2000 లో ఆ ఇద్దరినీ కలిపి "మేరీ అండ్ రోడా" అని ఒక టెలివిజన్ సినిమా తీశారు. అందులో మేరీ వితంతువు, రోడాకి రెండో విడాకులు. ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా ఆ ఇద్దరు ఆడవాళ్ళ కుశలం అడగాలంటే ముందు మొగుళ్ళ సంగతి అడగాలనే అనిపించింది వాళ్ళకి! ఎంత చదువుకుంటే ఏం? 2017 లో మేరీ టైలర్ మూర్, 2019 లో వాలెరీ హార్పర్ ఇద్దరూ వెళ్ళిపోయారు.

కనక నా తీర్పు ఇది. సీరియల్‌గా చూస్తే తల్లి గొప్పది, సందేహం లేదు. ఎక్కడా తూకం తప్పని రచన. పిల్ల సీరియల్ మొదటి ఏడు బంగారం, తరవాత కలగాపులగం. కాని మేరీ ఎలా బతకాలని కోరుకుంటామో చూపించింది. రోడా ఎలా బతుకుతామో చూపించింది. మేరీని చూసి ముచ్చటపడతాం. రోడాని మాత్రం పక్కన కూచోబెట్టుకుని కాఫీ ఇచ్చి, "తరవాతేమైందే?" అని అడుగుతాం. ఆ ప్రశ్నకి సమాధానం రాయలేకపోయింది రచయితలే, రోడా కాదు. స్నేహితురాలి పాత్రకి సొంత కథ ఇవ్వాలని కూచున్న ఏ రచయిత్రి అయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు: ఆ పిల్లకి సంబంధం వెతికేముందు, పొద్దున్న లేచి ఆ పిల్ల ఏం చేస్తుందో తేల్చుకోవాలి.